ఊరి తరఫున వకాల్తా

ఒక పార్కు పోవడానికి పెద్ద కుట్ర అక్కర్లేదు. ఇంటి పన్ను రసీదు చాలు. లేఅవుట్‌లో ఉమ్మడి అవసరాలకని వదిలిన జాగాలో ఎవరో రేకుల షెడ్డు వేస్తారు. బిల్ కలెక్టరు వస్తాడు, షెడ్డు కనిపించింది కాబట్టి దానికో అసెస్‌మెంట్ నంబరు ఇస్తాడు. ఆ నంబరు చూపించి కరెంటు మీటరు తెచ్చుకుంటారు. నాలుగేళ్లు పన్ను కట్టాక, ఖాళీ చేయమని టౌన్ ప్లానింగ్ వాళ్లు అడిగిన మర్నాడే కోర్టుకెళ్లి, తమని కదపకూడదని ఇంజంక్షన్ దావా వేస్తారు. మునిసిపాలిటీ తన చేత్తో రాసిచ్చిన రసీదే మునిసిపాలిటీ మీద ఎగ్జిబిట్ ఏ-1, అంటే దావా వేసినవాళ్ల మొదటి సాక్ష్య పత్రం, అవుతుంది. వాయిదా రోజున కోర్టు హాల్లో ఊరి తరఫున లేచి నిలబడాల్సింది ఒకే ఒక్క మనిషి, స్టాండింగ్ కౌన్సిల్, అంటే తన కేసులు వాదించడానికి మునిసిపాలిటీ నియమించుకున్న వకీలు. ఆ మనిషి రాకపోయినా, వచ్చినా చేతిలో ఫైలు లేకపోయినా, ఆ జాగా మీద ఆశ వదులుకోవచ్చు.

చైర్మన్ ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు. కమిషనర్ మారితే టీ కొట్టు దగ్గర చర్చ నడుస్తుంది. మునిసిపాలిటీ వకీలు ఎవరని అడిగితే మాత్రం బార్ అసోసియేషన్ బయట జవాబు చెప్పేవాళ్లు దొరకరు. నేను ప్రాక్టీసు మొదలుపెట్టింది అలాంటి ఒక స్టాండింగ్ కౌన్సిల్ దగ్గర జూనియర్‌గా. అప్పట్నుంచీ నాది ఒకటే వాదన. స్థానిక పాలనలో ఇంత బరువున్న ఉద్యోగాన్ని మనం ఇంత తేలిగ్గా, పార్టీకి పనిచేసినవాళ్లకి ఇచ్చే బహుమానంలా పంచడం ఊరికి చేస్తున్న ద్రోహం. దీన్ని ఒక వృత్తి జీవితంగా, ప్రజాసేవగా నిలబెట్టాలి. పరీక్షో, పారదర్శకమైన ఎంపికో పెట్టాలి. కచ్చితమైన పదవీకాలం ఇవ్వాలి. బతకడానికి సరిపోయే ఫీజు ఇవ్వాలి.

మా సీనియర్ గారిది గోదావరి జిల్లాల్లో ఒక మునిసిపాలిటీ. ఊరి పేరు, ఆవిడ పేరు రాయను. పేపర్లో పేరు రావడం ఆవిడకి ఇష్టం ఉండేది కాదు. ఆఫీసు అంటే ఇంటి ముందు గది. గోడ పొడుగునా చెక్క అరలు, వాటిలో నాడా కట్టిన కేసు కట్టలు. సొంత క్లయింట్ల కట్టలకి తెల్ల నాడా, మునిసిపాలిటీ కట్టలకి ఎర్ర నాడా. ఎర్ర నాడా కట్టల్లో ఫీజు ఎప్పుడొస్తుందో తెలియదు. బిల్లు పెట్టాలి, అకౌంట్స్ సెక్షన్ దాటాలి, ఆడిట్ వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పాలి. అయినా పొద్దున్నే ఆవిడ ముందు విప్పేది ఎర్ర నాడానే.

ఈ పనిలో అసలు కష్టం వాదనలో ఉండదు, కాగితం కదలడంలో ఉంటుంది. దావా సమన్లు మునిసిపల్ ఆఫీసు ఇన్‌వార్డ్‌లో పడతాయి. అక్కడి నుంచి సెక్షన్ క్లర్కు, మేనేజరు, కమిషనర్ సంతకం, తర్వాత వకీలు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం రిటన్ స్టేట్‌మెంట్, అంటే దావాకి రాతపూర్వక జవాబు, వేయడానికి 30 రోజులు, కోర్టు దయతలిస్తే 90 రోజుల దాకా. ఆ 30 రోజుల్లో సగానికి పైగా టేబుళ్ల మీదే గడిచిపోతాయి. చివరికి సెక్షన్ నుంచి వచ్చే పేరావారీ రిమార్కులు మూడు లైన్లు: వాది చెప్పినవి నిజం కాదు, వాదికి హక్కు లేదు, దావా కొట్టివేయగలరు. ఇలాంటివి వస్తే ఆవిడ వెనక్కి పంపేసేవారు. "రేపు పొద్దున్న నేనూ వస్తాను, స్థలం దగ్గర కలుద్దాం. సర్వేయర్ గారిని తీసుకురండి" అని కబురు పెట్టేవారు. స్థలం కళ్లారా చూడకుండా కౌంటర్ రాయకూడదన్నది ఆవిడ నియమం. జూనియర్లుగా మేం ఎండలో టేపు పట్టుకుని నిలబడింది అందుకే.

పైన చెప్పిన పార్కు కేసు ఊహించి రాసింది కాదు. నేను ఆవిడ దగ్గర చేరిన కొత్తల్లో వచ్చింది. వాది ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి. పార్కు స్థలానికి ఆనుకుని ఉన్న ప్లాటు ఆయనదే. ముందు కట్టెలు పేర్చుకున్నాడు, తర్వాత గేదెల పాక, తర్వాత రేకుల షెడ్డు. ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ ముందే తెచ్చుకున్నాడు. అవతలివైపు వినకుండా ఇలాంటి ఉత్తర్వు ఇస్తే 30 రోజుల్లో ఆ పిటిషన్ తేల్చే ప్రయత్నం చేయాలని కోడ్‌లో ఉంది. ఎవరూ అడగకపోతే ఆ 30 రోజులు ఏళ్లవుతాయి. మునిసిపాలిటీ దగ్గర అసలు లేఅవుట్ షీటు లేదు. బీరువాలో ఉన్నదాన్ని చెదలు తినేసింది. పాత లేఅవుట్ కాబట్టి ఖాళీ స్థలానికి రిజిస్టరు గిఫ్ట్ డీడ్ కూడా లేదు.

ఆవిడ చేసిన పని చాలా మామూలుది, కానీ ఎవరూ చేయనిది. నన్ను సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకి పంపించి, ఆ పార్కు చుట్టూ ఉన్న ప్లాట్ల దస్తావేజులన్నిటికీ సర్టిఫైడ్ కాపీలు తెప్పించారు. దస్తావేజులో హద్దులు రాస్తారు కదా. ఎదురింటి మామ్మగారి దస్తావేజులో పడమర హద్దు "పార్కు నిమిత్తం వదిలిన ఖాళీ స్థలం". వెనకింటివాళ్లదాంట్లో దక్షిణం హద్దు అదే. వాది సొంత దస్తావేజులో తూర్పు హద్దు కూడా అదే. క్రాస్ ఎగ్జామినేషన్ రోజున ఆవిడ గొంతు పెంచలేదు.

"మీ ప్లాటు ఈ దస్తావేజు ద్వారానే కొన్నారు కదండీ?"

"అవునండీ."

"సంతకం మీదే కదా?"

"నాదేనండి."

"తూర్పు హద్దు ఏమని ఉందో కాస్త గట్టిగా చదవండి."

అతను చదవలేదు. కాగితం వైపు, తన వకీలు వైపు మార్చి మార్చి చూశాడు. జడ్జిగారు తీసుకుని తనే చదివి అతని వాంగ్మూలంలో (డిపోజిషన్‌లో) రాయించారు. ఇంజంక్షన్ పోయింది, తర్వాత దావా కూడా కొట్టేశారు. అంతటితో పని అయిపోయిందని ఆవిడ అనుకోలేదు. గోడ కట్టేదాకా, బోర్డు పెట్టేదాకా, ఆ షెడ్డు అసెస్‌మెంట్ నంబరు రద్దు చేసేదాకా ప్రతి నెలా కమిషనర్ ఆఫీసుకి ఉత్తరం రాసేవారు. డిక్రీ బీరువాలోనే ఉండిపోతే మూడేళ్లకి ఇంకో షెడ్డు వస్తుందని ఆవిడ అనుభవం.

చట్టంలో ఒక సంగతి జనానికి తెలియాలి. మునిసిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఆక్రమణకి గురైన వీధిని, రోడ్డుని తిరిగి స్వాధీనం చేసుకోవడానికి దావా వేయాలంటే 1963 నాటి లిమిటేషన్ చట్టం 111వ ఆర్టికల్ 30 ఏళ్ల గడువిచ్చింది. ఆ ఆర్టికల్‌లో ఉన్న మాటలు వీధి, రోడ్డు అనే. పార్కు అని లేదు, చెరువు గట్టు అని లేదు. రాష్ట్ర ప్రభుత్వం తన ఆస్తికి వేసే దావాకైతే 112వ ఆర్టికల్ కింద 30 ఏళ్లుంటాయి. స్థానిక సంస్థ సొంత ఖాళీ స్థలానికి అంత ఊరట లేదు, మామూలు మనుషులకి వర్తించే 12 ఏళ్ల లెక్క మీదికొస్తుంది. పన్నెండేళ్లంటే ఎన్ని? రెండు కౌన్సిళ్ల కాలం, కొంచెం ఎక్కువ. ఆ లోపల ముగ్గురు వకీళ్లు మారి, ఏ ఒక్కరూ ఫైలు తెరవకపోతే, అవతలివాడు స్వాధీనానుభవం వల్ల తనకే హక్కు వచ్చిందని ధైర్యంగా వాదిస్తాడు. కౌన్సిల్ మారినప్పుడల్లా వకీలును మార్చడం ఎంత ఖరీదైన అలవాటో ఈ ఒక్క లెక్క చూస్తే అర్థమవుతుంది.

తిరుపతిలో అవిలాల చెరువు, పేరూరు చెరువు సంగతి గుర్తుందా? చెరువు భూముల్ని ప్రభుత్వమే ఇళ్ల నిర్మాణానికి, పట్టణాభివృద్ధికి కేటాయిస్తే, ఊళ్లోని మేధావుల ఫోరం ఒకటి కోర్టుల చుట్టూ తిరిగి 2006లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సహజ వనరులకి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనన్న సూత్రాన్ని ఆ తీర్పు గట్టిగా చెప్పింది. మన న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదివే తీర్పది. నేను అడిగేదల్లా ఒకటే. ఆ భూముల కేటాయింపు కాగితం మీద ఉన్నప్పుడే, ఫైలు తిరిగిన దారిలో ఉన్న ఒక్క న్యాయ సలహాదారు "ఇది చెరువండీ, ఇవ్వడానికి వీల్లేదు" అని రాసి సంతకం పెట్టి ఉంటే? పౌరులు అన్నేళ్లు పోరాడాల్సిన అవసరమే వచ్చేది కాదు. అంతకు చాలా ముందే, 1974లో, ఉడిపి మునిసిపాలిటీ కేసు వచ్చింది. నివాస ప్రాంతంలో కల్యాణమంటపంగా అనుమతి తీసుకున్న కట్టడాన్ని సినిమా హాలుగా మార్చడానికి మునిసిపాలిటీ ఒప్పుకుంటే, పక్కన ఉండే ఒక పౌరుడు అడ్డం తిరిగాడు. ఆ వీధివాళ్లకి ప్రశ్నించే హక్కుందని, చట్టం దాటి అనుమతిచ్చే అధికారం మునిసిపాలిటీకి లేదని సుప్రీంకోర్టు తేల్చింది.

అందుకే అంటున్నాను, మునిసిపాలిటీ వకీలుకి కక్షిదారు చైర్మన్ కాడు, కమిషనర్ కాడు. వాళ్లు వకాల్తా మీద సంతకం పెడతారంతే. కక్షిదారు ఊరు. ఊరు ఆఫీసుకొచ్చి కుర్చీలో కూచుని తన బాధ చెప్పుకోదు కాబట్టి, వకీలే ఊరి ప్రయోజనం ఎటుందో చూసుకోవాలి. ఒక్కోసారి అది సంతకం పెట్టినవాళ్లకి నచ్చదు.

ఒకరోజు సాయంత్రం కమిషనర్ గారు ఫోన్ చేశారు. ఒక టిఫిన్ సెంటరు గోడ మర్నాడు పొద్దున్నే కొట్టేస్తున్నాం, వాళ్లు స్టేకి వెళ్తే మీరు సిద్ధంగా ఉండండి అని. ఆవిడ అడిగింది ఒకటే: నోటీసు ఎప్పుడిచ్చారు? ఇవ్వలేదు. పై నుంచి ఒత్తిడి ఉందట. "కమిషనర్ గారూ, నోటీసు లేకుండా గోడ మీద చెయ్యి వేస్తే హైకోర్టులో నేను నోరు తెరవడానికి ఉండదండీ. నోటీసివ్వండి, వాళ్ల జవాబు రానివ్వండి, తర్వాత ఉత్తర్వు రాయండి. అప్పుడు ఎవరు స్టేకొచ్చినా నేను చూసుకుంటాను" అన్నారు. జేసీబీ వెనక్కెళ్లింది. నోటీసిచ్చాక తేలిందేమిటంటే ఆ గోడలో అక్రమం కొంతే, మిగతాదానికి ప్లాను ఉంది.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతల మీద దేశమంతటికీ మార్గదర్శకాలిచ్చింది. ముందస్తు షోకాజ్ నోటీసు, కనీసం 15 రోజుల గడువు, స్వయంగా చెప్పుకునే అవకాశం, కూల్చివేత వీడియో, ఉల్లంఘిస్తే జరిగిన నష్టాన్ని అధికారి సొంత ఖర్చుతో పూడ్చాల్సి రావడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. రోడ్డు, ఫుట్‌పాత్, నీటి వనరుల మీది ఆక్రమణలకి ఈ రక్షణ వర్తించదని కూడా ఆ తీర్పే చెప్పింది. ఈ రెండో సగాన్ని చాలామంది చదవరు. చెరువులో కట్టినవాళ్లూ ఆ తీర్పు పట్టుకొస్తారు, పేదవాడి ప్లాన్ ఉన్న ఇంటి మీదికి అధికారులూ జేసీబీ తెస్తారు. రెండూ చదివి, ఎక్కడ ఏది వర్తిస్తుందో కమిషనర్‌కి ముందే చెప్పగల మనిషి ఆఫీసులో ఉండాలి.

ఇంకొకటి నా మనసులోంచి పోదు. డ్యూటీలో చనిపోయిన పారిశుద్ధ్య కార్మికుడి కుటుంబానికి నష్టపరిహారం ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. ఆఫీసు నుంచి అప్పీలు వేయమని ఫైలు వచ్చింది. మన ఆఫీసుల్లో అప్పీలు ఒక అలవాటు. వేయకపోతే రేపు ఎవరైనా అడుగుతారేమోనన్న భయం, వేస్తే ఎవరూ అడగరన్న భరోసా. ఆవిడ ఆ రాత్రి ఉత్తర్వంతా చదివి పొద్దున్న ఒపీనియన్, అంటే న్యాయ సలహా, రాయించారు. కార్మికుడు డ్యూటీలోనే ఉన్నాడు, సాక్ష్యం తిరుగులేనిది, అప్పీలు వేయాలన్నా పరిహారం మొత్తం ముందు డిపాజిట్ చేయాల్సిందే, ఇది అప్పీలుకి తగిన కేసు కాదు, డబ్బు వెంటనే చెల్లించగలరు. ఒపీనియన్ ఒకటిన్నర పేజీ. కింద తన సంతకం పెట్టి, తేదీ వేసి, "దీనికి బాధ్యత నాది" అని చేత్తో రాశారు. క్లర్కుకీ, కమిషనర్‌కీ కావలసిన ధైర్యం ఆ వాక్యమే ఇచ్చింది. ప్రజాసేవ అనే పెద్దమాటకి నేను దగ్గర్నుంచి చూసిన రూపం అది.

వకీళ్లు ఊరికి పెద్దదిక్కుగా నిలబడటం మనకి కొత్త కాదు. రాజమండ్రి చూడండి. హిందూ పత్రిక పెట్టిన ఆరుగురు యువకుల్లో ఒకరైన న్యాపతి సుబ్బారావు పంతులు గారు ఆ ఊళ్లో ప్లీడరీ చేస్తూ 1880లలో మునిసిపల్ చైర్మన్‌గా పనిచేశారు. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు హైకోర్టులో పేరు తెచ్చుకోకముందు, ముఖ్యమంత్రి అవడానికి దశాబ్దాల ముందు, అదే రాజమండ్రిలో ప్లీడరు, అదే మునిసిపాలిటీకి చైర్మన్. గుజరాత్‌లో వల్లభభాయ్ పటేల్ 1917లో అహ్మదాబాద్ మునిసిపాలిటీలోకి అడుగుపెట్టి, 1924 నుంచి 1928 దాకా దానికి అధ్యక్షుడిగా ఉన్నారు. మురుగుకాలవల దగ్గర, మంచినీళ్ల గొట్టాల దగ్గర ప్రజాజీవితం మొదలుపెట్టినవాళ్లు వీళ్లు. ఇప్పుడు వకీలు రాజకీయాల్లోకి వెళ్లాలనుకుంటే స్టాండింగ్ కౌన్సిల్ పదవిని మెట్టుగా చూస్తున్నాడు, పనిగా చూడటం లేదు. తేడా అక్కడ వచ్చింది.

మా సీనియర్ గారు ఎన్నికల్లో నిలబడలేదు. కానీ వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చినప్పుడు, వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలన్న సంగతి మార్కెట్లో కూరగాయలమ్మే ఆడవాళ్లకి చెప్పింది ఆవిడే. మునిసిపాలిటీ వకీలు మునిసిపాలిటీని అడిగే హక్కు జనానికి నేర్పడమేమిటని ఒక కౌన్సిలర్ కోప్పడ్డారు. చట్టం అమలు చేయడం మునిసిపాలిటీ పని అయినప్పుడు, ఆ చట్టం చెప్పడం మునిసిపాలిటీకి వ్యతిరేకం ఎలా అవుతుంది?

ఇక నియామకాల సంగతి. ప్రభుత్వం మారగానే ప్రభుత్వ న్యాయవాదులందరినీ ఒక్క సర్క్యులర్‌తో తీసేసిన ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ నిర్ణయాన్ని 1990లోనే శ్రీలేఖ విద్యార్థి కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. అది ఇష్టారాజ్యమని చెప్పింది. 2004లో జోహ్రీమల్ కేసులో మాత్రం, తన వకీలును ఎంచుకునే విషయంలో ప్రభుత్వానికి కొంత వెసులుబాటు ఉంటుందని అన్నది. 2016లో పంజాబ్ కేసులో మళ్లీ, లా ఆఫీసర్ల ఎంపిక ప్రతిభ మీద, పారదర్శకంగా జరగాలని చెప్పింది. జోహ్రీమల్ తీర్పు పట్టుకుని మిత్రులు నాతో వాదిస్తారు: "ఎవరికైనా తనకి నమ్మకమున్న వకీలును పెట్టుకునే హక్కుంటుంది కదండీ, ప్రభుత్వానికి ఎందుకుండదు?" మంచి ప్రశ్నే. నా పొలం కేసుకి నేను ఎవర్ని పెట్టుకున్నా నష్టం నాది. ఊరి పార్కు కేసుకి చైర్మన్ గారు తన నమ్మకస్తుణ్ణి పెట్టుకుంటే నష్టం ఆయనది కాదు. పైగా, ఆ పార్కు ఆక్రమించినవాడు చైర్మన్ గారి మనిషే అయితే?

శాశ్వత ఉద్యోగం చేస్తే అలసత్వం వస్తుందన్నది రెండో అభ్యంతరం. క్రిమినల్ కోర్టుల వైపు చూడండి. అక్కడ ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్లని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు నియామక మండళ్లు పరీక్ష పెట్టి తీసుకుంటున్నాయి. వాళ్లలోనూ బద్ధకస్తులుంటారు, కానీ ప్రభుత్వం మారిన మర్నాడు కోర్టు హాలు ఖాళీ అవదు. జేబుదొంగ కేసుకి పరీక్ష రాసి వచ్చిన న్యాయవాది ఉన్నప్పుడు, వందల కుటుంబాల ఉమ్మడి స్థలం కేసుకి సిఫారసు మీద వచ్చిన మనిషి చాలని మనం ఎందుకు అనుకోవాలి?

అమెరికాలో లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో లాంటి నగరాల్లో సిటీ అటార్నీని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. అక్కడున్న మనవాళ్లు కొందరు అదే ఇక్కడా పెట్టాలంటారు. నాకది మంచిదనిపించదు. ఇంకో ఎన్నిక, ఇంకో ఖర్చు, ఇంకో అప్పు తీర్చుకోవడం. అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది వేరు: నగరానికి సొంత న్యాయ కార్యాలయం, అందులో పూర్తికాలం పనిచేసే వకీళ్లు, వాళ్ల చేతిలో ఫైళ్ల జ్ఞాపకం. చిన్న మునిసిపాలిటీకి అంత స్తోమత లేకపోతే జిల్లాకో ఉమ్మడి కార్యాలయం పెట్టవచ్చు, పంచాయతీలకీ అదే పనికొస్తుంది. పంచాయతీల పరిస్థితి ఇంకా అన్యాయం. సర్పంచికి వకీలు ఫీజు జేబులోంచి పెట్టుకోవాల్సి వస్తే పంచాయతీ తరఫున ఎవరూ హాజరుకాక ఎక్స్‌పార్టీ డిక్రీలు పడక ఏమవుతుంది?

ఇదంతా ప్రభుత్వం చేసేలోగా మనం చేయగలిగింది ఒకటుంది. మీ మునిసిపాలిటీకి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. మీ స్టాండింగ్ కౌన్సిల్ ఎవరు, ఎప్పుడు నియమించారు, ఖాళీ స్థలాల మీద ఎన్ని దావాలు నడుస్తున్నాయి, ఎన్నిట్లో ఎక్స్‌పార్టీ డిక్రీ పడింది అని అడగండి. వాటితోపాటు, పాత వకీలు నుంచి కొత్త వకీలుకి కేసు కట్టలు అప్పగించిన రిజిస్టరు నకలు అడగండి. మా సీనియర్ గారు పదవి నుంచి తప్పుకున్నప్పుడు ప్రతి ఎర్ర నాడా కట్ట మీద తర్వాతి వాయిదా తేదీ, చేయాల్సిన పని రాసి, సంతకాలు తీసుకుని అప్పగించారు. అలాంటి రిజిస్టరు తమ దగ్గర లేదని మీకు జవాబొస్తే, ఆ కాగితం మీ వార్డు కౌన్సిలర్‌కి చూపించి, వచ్చే కౌన్సిల్ సమావేశం ఎజెండాలో పెట్టించండి.